గోతి పడకముందే ఖర్చు పెట్టాలి: సరిహద్దు జిల్లాల చిన్న రోడ్లు, వాటిని నిలబెట్టే లెక్క

ఒడిశా దక్షిణపు అంచున గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ, గంజాం జిల్లాలో బరంపురం చుట్టుపక్కలా ఉన్న పల్లెల్లో చాలావాటికి గడచిన పాతికేళ్లలోనే తారు రోడ్డు వచ్చింది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 మంది, కొండ ప్రాంతాల్లోనూ గిరిజన ప్రాంతాల్లోనూ 250 మంది ఉన్న ఆవాసాలను లెక్కలోకి తీసుకుంది. అందువల్ల వంశధార, నాగావళి లోయల్లోని పెద్ద ఊళ్లతో పాటు పైనున్న సవర, కోంధు గూడేలలో కూడా చాలావాటికి బండి వెళ్లే దారి ఏర్పడింది. రోడ్డు వేయించుకోవడం ఎలాగో మన పంచాయతీలు, మన నాయకులు బాగానే నేర్చుకున్నారు. వేసిన రోడ్డును తక్కువ ఖర్చుతో పదిహేనేళ్లు నిలబెట్టుకోవడం ఎలాగన్నది మాత్రం ఇంకా అలవాటులోకి రాలేదు. ఈ వ్యాసం ఆ రెండో విషయం గురించి.

మొదట రెండు మాటలను విడదీసుకోవాలి. గోతి పడ్డాక పూడ్చడం మరమ్మతు. రోడ్డు ఇంకా బాగున్నప్పుడే, పైపొరలోంచి నీళ్లు దిగకుండా, పక్కన నీళ్లు నిలవకుండా చేసే చిన్న పనులు సంరక్షణ. బాగున్న రోడ్డు మీద డబ్బు పెట్టడం చూసేవారికి దుబారాగా కనిపిస్తుంది. అయినా చిన్న రోడ్ల విషయంలో ఆదా అంతా అక్కడే ఉంది. ఎందుకో తెలియాలంటే పల్లె రోడ్డులో బరువు మోసేది ఏదో, కేవలం కప్పుగా ఉండేది ఏదో చూడాలి.

మన వైపు మామూలు గ్రామీణ రోడ్డును కోసి చూస్తే, అడుగున చదును చేసి రోలరుతో అణిచిన నేల ఉంటుంది. దాని మీద మొరం, కంకర కలిపి వేసిన ఉపపునాది, ఆపైన నీళ్లు చల్లి అణిచిన కంకర పొరలు ఉంటాయి. ఇంజనీర్లు డబ్ల్యూబీఎం అనే ఈ పొరలు ఒక్కొక్కటి 75 మిల్లీమీటర్ల మందాన సాధారణంగా రెండు వేస్తారు. అన్నిటికీ పైన 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్, అంటే ముందే తారు కలిపిన సన్న కంకర పొర, వస్తుంది. మనం తారు రోడ్డు అని పిలుచుకునేది ఈ చివరి 20 మిల్లీమీటర్లనే గాని, ధాన్యం ట్రాక్టరు బరువును మోసేది కింది కంకర, దాని కింది నేల. పైగా ఆ కార్పెట్‌లో సన్నరాయి తక్కువ, ఖాళీలు ఎక్కువ కాబట్టి నీళ్లు దాని గుండా సులువుగా దిగిపోతాయి. ఆ ఖాళీలను మూయడానికే దాని మీద సీల్ కోట్ వేస్తారు. అంటే మొత్తం రోడ్డుకు వానను ఆపుతున్నది కొన్ని మిల్లీమీటర్ల తారు, చిప్స్ (చిన్న రాతి ముక్కలు) పొర ఒక్కటే. పెంకుటింటివాళ్లు మృగశిర కార్తె రాకముందే కప్పెక్కి పెంకులు సర్దించుకుంటారే తప్ప గోడ నాని కూలాక సర్దించుకోరు. సీల్ కోట్ విషయంలోనూ అదే ముందుచూపు కావాలి.

సీల్ కోట్ అరిగిన చోట, చిన్న పగుళ్లలో, తారు అంచు మట్టిని కలిసే చోట వాననీరు కిందికి దిగుతుంది. డబ్ల్యూబీఎం పొరలో రాళ్ల మధ్య బిగువునిచ్చే సన్నటి పదార్థం ఆ తడికి మెత్తబడుతుంది. అప్పుడు చక్రం మీదుగా వెళితే, లోపల చిక్కుకున్న నీటికి వేరే దారి లేక ఒత్తిడితో పైకి చిమ్ముతుంది, చిమ్మిన ప్రతిసారీ ఆ సన్నమట్టిని కొంత బయటకు తెస్తుంది. వాన వెలిశాక పగుళ్ల చుట్టూ ఎర్రటి లేదా బూడిదరంగు మరకలు కనిపించాయంటే కింద ఖాళీ ఏర్పడుతోందని అర్థం. ఆ ఖాళీ మీద కార్పెట్ వంగి, ముక్కలై, లేచిపోతే దాన్నే గోతి అంటాం. గోతి కనిపించేనాటికి లోపలి పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది కనుక పైన తారు పోసి పూడ్చితే పక్కనే ఇంకొకటి లేస్తుంది.

మన ప్రాంతపు రాయి కూడా ఈ కథలో భాగమే. తూర్పు కనుమల్లో ఖోండలైట్, చార్నోకైట్ అనే రెండు రకాల శిలలు పక్కపక్కనే దొరుకుతాయి. కోణార్క్ శిల్పాలకు పనికొచ్చిన ఖోండలైట్ గాలికి, వానకు తొందరగా మెత్తబడే రాయి కాబట్టి రోడ్డు కంకరకు అది బలహీనం. చార్నోకైట్ గట్టిది. గట్టి రాళ్లలోనూ సిలికా ఎక్కువగా ఉన్నవాటికి తారు కన్నా నీరే గట్టిగా అంటుకుంటుంది, అందుకే ఎక్కువకాలం తడిసి ఉంటే రాయి మీది తారు పొర ఊడుతుంది. తారులో పట్టుపెంచే రసాయనం గాని, కంకరలో కొద్దిగా తడిసున్నం గాని కలపడం దీనికి తెలిసిన విరుగుడు. అంచనాలో ఆ చిన్న పద్దు ఉందో లేదో చూడటం పంచాయతీ వార్డు సభ్యుడికి కూడా సాధ్యమే.

రోడ్డు నడుమ ఎత్తుగా, ఇరువైపులా వాలుగా ఉండటాన్ని క్యాంబర్ అంటారు. వర్షపాతం ఎక్కువగా ఉన్న చోట్ల పలుచని తారు రోడ్లకు ఈ వాలు 3.5 శాతం, తక్కువగా ఉన్న చోట్ల 3 శాతం ఉండాలని, దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి గ్రామీణ రోడ్ల మాన్యువల్ చెబుతుంది. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డుకు 3.5 శాతం అంటే నడుమ నుంచి అంచుకు ఆరున్నర సెంటీమీటర్ల పల్లం. ఇంత చిన్న పల్లాన్ని చెడగొట్టడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. అంచున ఉండే మట్టి బెర్ము మీద గడ్డి మొలిచి, ఆ గడ్డిలో ఏటా మట్టి చిక్కుకుని, రెండు మూడేళ్లలో బెర్ము తారు కన్నా ఎత్తవుతుంది. ఇక రోడ్డు మీద పడిన వాన పక్క కాలువలోకి పోదు, అంచు వెంటే పారుతుంది, చివరికి అంచు కిందికే దిగుతుంది. మన చిన్న రోడ్లు నడుమ నుంచి కాకుండా అంచుల నుంచి విరుచుకుంటూ రావడానికి ఇది ప్రధాన కారణం. పార, గునపం పట్టుకున్న నలుగురు మనుషులు గడ్డి చెక్కి, బెర్మును తారు అంచు కన్నా కిందికి వాలుగా దించి, పక్క కాలువను ఉపపునాది పొర కన్నా లోతుగా తవ్వితే, ఏ యంత్రం లేకుండానే ఆ రోడ్డు ఆయుష్షు పెరుగుతుంది. రోడ్డు సంరక్షణ పనులన్నిటిలో చవకైనది ఇదే, అందరూ పక్కన పెట్టేదీ ఇదే.

ఆరో ఏడు ఏమవుతుంది

సడక్ యోజన రోడ్డు వేసిన గుత్తేదారే ఐదేళ్ల పాటు దాని నిర్వహణ కూడా చూడాలి. ఆ ఐదేళ్లలో చెల్లింపులను రోడ్డు స్థితితో ముడిపెట్టడానికి ఈ-మార్గ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. ఐదేళ్లు నిండాక బాధ్యత రాష్ట్ర నిధుల మీద పడుతుంది. సీల్ కోట్ అరిగి, తారు ఎండకు గట్టిపడి, పైపొరను పునరుద్ధరించాల్సిన సమయం కూడా సరిగ్గా ఆ ఐదారేళ్లకే వస్తుంది. ఒప్పందం ముగిసే ఏడు, పైకప్పు అరిగే ఏడు దాదాపు ఒకటే కావడం వల్ల, రోడ్డుకు అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కావలసిన సమయంలో దానికి బాధ్యుడు ఎవరో తేలకుండా పోతుంది. నా దృష్టిలో మన గ్రామీణ రోడ్ల సమస్యకు కేంద్రం ఈ ఆరో సంవత్సరమే.

రోడ్డు చెడిపోయే తీరును ఇంజనీర్లు ఒక వక్రరేఖగా గీస్తారు. ఎక్కువగా ఉదహరించే రూపంలో, ఆయుష్షులో ముప్పాతిక భాగం గడిచేసరికి నాణ్యత సుమారు 40 శాతం తగ్గుతుంది, ఆ తర్వాత ఆయుష్షులో ఎనిమిదో వంతు కాలంలోనే మరో 40 శాతం పడిపోతుంది. ఎత్తు నుంచి మెల్లగా దిగుతూ వచ్చిన రేఖ ఒక చోట నిట్టనిలువుగా జారుతుంది. ఖర్చు పెట్టవలసిన చోటు ఆ జారుడుకు కొంచెం ముందు. 1994లో ప్రపంచ బ్యాంకు తన ప్రపంచాభివృద్ధి నివేదికలో ఆఫ్రికా గురించి ఇదే లెక్క వేసింది: అంతకుముందు దశాబ్దంలో సకాలంలో 1,200 కోట్ల డాలర్లు నిర్వహణకు పెట్టి ఉంటే, 4,500 కోట్ల డాలర్ల పునర్నిర్మాణ ఖర్చు తప్పేదని. మన వైపు 20 మిల్లీమీటర్ల రోడ్లకు ఆ జారుడు సంవత్సరాల మీద కాకుండా ఒక్క వానాకాలంలో కూడా జరిగిపోగలదు. జూన్ నడుమ మొదలైన వానలు సెప్టెంబరు దాకా నేలను నానబెడితే, అక్టోబరు ప్రాంతంలో తుఫాను వస్తుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ అన్నీ అక్టోబరులోనే వచ్చాయి. 2021లో గులాబ్ సెప్టెంబరు చివర వచ్చింది. తిత్లీ గజపతి జిల్లా కొండదారులను కొండచరియలతో సహా కిందికి తెచ్చింది. అంతటి విపత్తుకు సీల్ కోట్ అడ్డుపడదు. కాని మామూలు వానకు తట్టుకోవలసిన రోడ్డు మామూలు వానకే పోవడం వేరే సంగతి, అది మన చేతిలో ఉంది.

డబ్బు లెక్కకు ముందు సామగ్రి లెక్క చూద్దాం, ఎందుకంటే ధరలు ఏటా మారుతాయి గాని పరిమాణాలు మారవు. ఒక కిలోమీటరు పొడవు, 3.75 మీటర్ల వెడల్పు అంటే 3,750 చదరపు మీటర్లు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల ప్రకారం తారు చల్లి పైన చిప్స్ పరిచే సీల్ కోట్‌కు 10 చదరపు మీటర్లకు 9.8 కిలోల తారు, 0.09 ఘనపు మీటర్ల చిప్స్ కావాలి. కిలోమీటరుకు అది సుమారు 3.7 టన్నుల తారు, 34 ఘనపు మీటర్ల చిప్స్ అవుతుంది. ఆలస్యం చేసి కార్పెట్ కూడా మళ్లీ వేయాల్సి వస్తే, 10 చదరపు మీటర్లకు మరో 14.6 కిలోల తారు, 0.27 ఘనపు మీటర్ల చిప్స్ చేరి, కిలోమీటరుకు మొత్తం 9 టన్నులు దాటిన తారు, 135 ఘనపు మీటర్ల చిప్స్ అవుతాయి. ఇంకా ఆలస్యమై కింది డబ్ల్యూబీఎం పొరలు రెండూ పోయాయంటే, వీటన్నిటి మీద అణిచిన కొలతలో 560 ఘనపు మీటర్ల కంకర, దాన్ని కొండ మలుపుల్లోకి మోసే టిప్పర్లు, రోలరు, నీటి ట్యాంకరు, కూలీలు కావాలి. ఒకే రోడ్డుకు, ఏ ఏడాది ముట్టుకున్నామన్నదాన్ని బట్టి, ఇంత తేడా.

ఏ పని ఎప్పుడు

పునరుద్ధరణకు సీల్ కోట్ ఒక్కటే మార్గం కాదు. అక్కడక్కడ వేలి మందం పగుళ్లు మాత్రమే ఉంటే వాటిని ఊది శుభ్రం చేసి, నీటిలో తారు కలిపిన ఎమల్షన్‌తోనో, రబ్బరు కలిపిన తారుతోనో నింపితే సరిపోతుంది. పగుళ్లు లేకుండా పైభాగం ఎండి, బూడిదరంగుకు తిరిగి, సన్నరాయి రాలుతుంటే పలుచగా ఎమల్షన్ పిచికారీ చేస్తే ఒకటి నుంచి మూడేళ్ల ఊపిరి పోస్తుంది. అరుగుదల ఇంకా ఎక్కువైతే సర్ఫేస్ డ్రెస్సింగ్, అంటే తారు చల్లి ఒకే పరిమాణపు చిప్స్‌ను ఒక్క వరసగా పరిచి అణచడం. శ్రద్ధగా చేస్తే ఇది ఐదేళ్లు, అంతకు పైగా నిలుస్తుంది. స్లర్రీ సీల్, మైక్రోసర్ఫేసింగ్ అనేవి సన్నరాయి, ఎమల్షన్, నీరు, సిమెంటు కలిపిన చిక్కటి మిశ్రమాన్ని కొన్ని మిల్లీమీటర్ల మందాన యంత్రంతో పరిచే పద్ధతులు. వాటికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రత్యేక స్పెసిఫికేషనే ఇచ్చింది. మంచి పద్ధతే గాని, ఆ యంత్రాన్ని రెండు కిలోమీటర్ల పని కోసం కాశీనగరం దాకా ఎవరూ తేరు. నాలుగైదు బ్లాకులు కలిసి ఒకే టెండరు పిలిస్తే తప్ప మన ప్రాంతంలో అది గిట్టుబాటు కాదు.

మనకు బాగా సరిపోయేది, మనం తక్కువగా వాడుతున్నది ఎమల్షన్. మామూలు తారును కంకరతో కలపాలంటే 150 డిగ్రీల సెల్సియస్ దాకా కాచాలి. చిన్న పనుల్లో రోడ్డు పక్కనే పీపా కింద కట్టెలు పెట్టి కాచడం ఇప్పటికీ చూస్తాం. అందులో వేడి అదుపు ఉండదు, ఎక్కువైతే తారు మాడి పెళుసవుతుంది, పొగ మధ్య పనిచేసే కూలీలకు కాలే ప్రమాదం ఉంటుంది. ఎమల్షన్ అంటే తారును అతి సన్నని బిందువులుగా నీటిలో నిలిపిన ద్రవం. వేడి అక్కర్లేదు, కంకర కాస్త తడిగా ఉన్నా పనిచేస్తుంది. కేషనిక్ ఎమల్షన్‌లోని బిందువులకు ధన విద్యుదావేశం ఉంటుంది. మన గ్రానైట్ తరహా రాళ్ల తడి ఉపరితలానికి రుణావేశం ఉంటుంది కాబట్టి తారు రాయిని లాగి పట్టుకుంటుంది, నీరు విడిపోతుంది. గోధుమరంగులో ఉన్న ద్రవం నల్లగా మారితే ఆ విడిపోవడం జరిగిందని లెక్క. ఇలా ఎమల్షన్‌తో వేడి లేకుండా కలిపే కోల్డ్ మిక్స్ పద్ధతికి 2014 నుంచి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఉంది కనుక ఇది అనుమతి లేని ప్రయోగమేమీ కాదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. చిప్స్ దుమ్ము పట్టి ఉంటే ఎమల్షన్ రాయిని పట్టకముందే ఆ దుమ్ము మీదే విరిగిపోతుంది, నల్లబడకముందే వాన పడితే కొట్టుకుపోతుంది. పొట్టంగి, సెమిలిగుడ వంటి ఎత్తైన చోట్ల చలికాలం ఉదయాల్లో అది నెమ్మదిగా విరుగుతుంది కాబట్టి ఎండెక్కాక మొదలుపెట్టాలి.

ఇవన్నీ పునాది గట్టిగా ఉన్న రోడ్లకే. అడుగు వేస్తే తారు మెత్తగా కుంగుతున్నా, చక్రాల జాడలు లోతుగా పడినా, ఒకదానితో ఒకటి అల్లుకున్న పగుళ్లతో ఉపరితలం చిన్న చిన్న ముక్కలుగా విడిపోయినా దాని మీద సీల్ కోట్ వేయడం డబ్బును మట్టిలో పోయడమే. ఏ రోడ్డు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. సడక్ యోజనలో వాడే ఒక సులువైన కొలత ఉంది: ఇబ్బంది లేకుండా వెళ్లగల వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటితే 5 మార్కులు, 30 నుంచి 40 మధ్య ఉంటే 4, 20 నుంచి 30 అయితే 3, 10 నుంచి 20 అయితే 2, పదిలోపు అయితే 1. 4, 5 మార్కుల రోడ్లు సంరక్షణకు తగినవి. 3 మార్కుల వాటిని కాలువలు, ప్యాచ్‌లు సరిచేసి వెంటనే అందుకోవాలి. 1, 2 వచ్చినవి పునర్నిర్మాణం కోసం ఎదురుచూడాల్సినవి. మోటారు సైకిలున్న ఏ యువకుడైనా ఒక్క రోజులో తన పంచాయతీ రోడ్లన్నిటికీ ఈ మార్కులు వేయగలడు.

వంద కిలోమీటర్ల లెక్క

ఒక బ్లాకులో 100 కిలోమీటర్ల చిన్న తారు రోడ్లు ఉన్నాయనుకుందాం. ఒక ఏడాది గడిచిందంటే ప్రతి కిలోమీటరూ తన ఆయుష్షులో ఒక ఏడు కోల్పోతుంది. అంటే బ్లాకు మొత్తం మీద ఏటా 100 కిలోమీటరు-సంవత్సరాలు ఖర్చవుతాయి. ఆ ఏడాది చేసిన పనులు కనీసం అంత ఆయుష్షును తిరిగి చేర్చకపోతే, ఎన్ని ప్రారంభోత్సవాలు జరిగినా ఆ బ్లాకు రోడ్లు మొత్తం మీద క్షీణిస్తున్నట్టే. ఇప్పుడు ఉదాహరణకు, ఉన్న నిధులతో 5 కిలోమీటర్లు పూర్తిగా తిరిగి వేయవచ్చని, అలా వేసింది 12 ఏళ్లు నిలుస్తుందని అనుకుంటే, చేరేది 60. లోటు 40. అదే నిధుల్లో 2 కిలోమీటర్లే తిరిగి వేసి, మిగతా 3 కిలోమీటర్ల ఖర్చును బాగున్న రోడ్ల సీల్ కోట్‌కు మళ్లిస్తే ఏమవుతుంది? ఒక కిలోమీటరు పునర్నిర్మాణ ఖర్చుతో 8 కిలోమీటర్ల సీల్ కోట్ అవుతుందని, అది 4 ఏళ్లు కలుపుతుందని పెట్టుకుంటే, 24 కిలోమీటర్లకు 96, పునర్నిర్మాణం వల్ల 24, మొత్తం 120. లోటు పోయి 20 మిగులుతుంది. ఈ అంకెలు నేను ఉదాహరణకు పెట్టినవే, మీ బ్లాకు ధరలు వేస్తే మారతాయి. కాని ఎక్కడైనా సరే, డబ్బంతా చెడిపోయిన రోడ్లకే పెడితే లోటు, కొంత బాగున్నవాటికి పెడితే మిగులు అన్న దిశ మారదు.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. అన్నిటికన్నా చెడిపోయిన రోడ్డు సాధారణంగా కొండ మీది గూడేనిది, బాగున్న రోడ్డు లోయలోని పెద్ద ఊరిది. బాగున్నదానికి ముందు ఖర్చు పెట్టండి అన్న సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే, ఉన్నవాళ్ల రోడ్డు నున్నగా ఉంటుంది, గర్భిణిని అంబులెన్సు దాకా మోసుకురావలసిన గూడెం ఇంకా పదేళ్లు ఆగాలి. నేను చూసినంతలో దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. ఒకటి, సంరక్షణకూ పునర్నిర్మాణానికీ వేరువేరు పద్దులు ఉండాలి, ఒకదాని డబ్బు రెండోదాన్ని తినకూడదు. రెండోది, పునర్నిర్మాణం కోసం వేచి ఉన్న రోడ్డును వదిలేయకుండా, బండి ఆగిపోయే చోట్లను మాత్రం ముందు సరిచేయాలి. వాగు దాటే చోట కల్వర్టు, ఎత్తు ఎక్కే 50 మీటర్లలో సిమెంటు పలక, నీరు నిలిచే పల్లంలో రాయి, మొరం. ఐదు కిలోమీటర్ల చెడ్డ దారిలో నిజంగా బండిని ఆపేది చాలాసార్లు నాలుగైదు చోట్లే ఉంటాయి.

బరువు సంగతి కూడా చూడాలి. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇలినాయి రాష్ట్రంలో జరిగిన ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష తేల్చిన ప్రకారం, ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. మన దేశంలో 2018 జులైలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. బరువు 13 శాతమే పెరిగినా, ఈ సూత్రం ప్రకారం నష్టం 60 శాతం పెరుగుతుంది. అతి తక్కువ రద్దీ గల గ్రామీణ రోడ్డును ఆయుష్షు మొత్తానికి 10,000 నుంచి 30,000 ప్రమాణ ఇరుసులకే, అంటే ఒక నిర్ణీత బరువున్న ఇరుసు అన్నిసార్లు దాటడానికే, రూపొందిస్తారు. అలాంటి రోడ్డు చివర రాతి క్వారీ మొదలై, రోజుకు 25 నిండు టిప్పర్లు వెళ్తూ, ఒక్కో టిప్పరు 4 ప్రమాణ ఇరుసులకు సమానమనుకుంటే, 300 పని దినాల్లో 30,000 పూర్తవుతాయి. పదేళ్ల వాటా ఒక్క ఏడాదిలో అయిపోయింది. దీనికి ఏ సీల్ కోటూ జవాబు కాదు. క్వారీకి అనుమతి ఇచ్చేటప్పుడే ఆ దారిని బలపరిచే ఖర్చు ఎవరిదో తేలాలి. రాయగడ, కొరాపుట్ వంటి ఖనిజ జిల్లాల్లో 2015 చట్ట సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి ఉంది, రోడ్ల వంటి మౌలిక వసతులకు అందులో ఒక భాగం వాడే వీలుంది. దాన్ని కొత్త రోడ్డుకు అడిగేవారు చాలామంది, లారీలు తిని వదిలిన పాత రోడ్డు పైపొరకు అడిగేవారు తక్కువ.

మన చేతులతో మనమే చేసే నష్టం కూడా తక్కువేమీ కాదు. దమ్ము పట్టిన ట్రాక్టరు ఇనుప చక్రాలు విప్పకుండా ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తారు మీదుగా వెళితే, ఆ పళ్లు సీల్ కోట్‌ను ప్రతి అడుగుకూ చీలుస్తాయి, అదీ సరిగ్గా వానలు పడుతున్న జులై, ఆగస్టు నెలల్లో. పక్క పొలం రైతు ఏటా ఒక చాలు చొప్పున బెర్మును దున్నుకుంటే తారు అంచుకు ఆసరా పోతుంది. నీటి పైపు కోసం రోడ్డును అడ్డంగా కోసి, మట్టితో పూడ్చి వెళ్లిపోవడం మరొకటి. 2019లో జల్ జీవన్ మిషన్ మొదలయ్యాక ఊళ్లలోని సిమెంటు రోడ్లు చాలాచోట్ల ఇలా కోతలు పడ్డాయి. ఇంటింటికీ నీరు రావలసిందే. కాని కోసిన గాడిని పొరలు పొరలుగా అణిచి, పైన అదే మందం కాంక్రీటుతో మూయడం ఆ పని అంచనాలోనే ఉండాలి, బిల్లు చెల్లించే ముందు పంచాయతీ దాన్ని చూడాలి. సిమెంటు రోడ్డుకు గోతుల భయం తక్కువని చాలామంది దాన్ని పూర్తిగా వదిలేస్తారు. దాని పలకల మధ్య అతుకుల్లో నింపిన తారు ఊడితే నీరు అక్కడి నుంచే దిగి, పలక మూల కింద మట్టి జారి, మూల విరుగుతుంది. రెండు మూడేళ్లకు ఒకసారి అతుకులు నింపడం చాలు.

కాలువలు, బెర్ములు, తూముల శుభ్రం ఎవరు చేయాలన్నదానికి మన దేశంలోనే నమూనాలు ఉన్నాయి. ఉత్తరాఖండ్, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో తారు భాగం కాకుండా మిగతా నిర్వహణను మహిళా స్వయం సహాయక సంఘాలకు ఒప్పందంపై ఇచ్చారు. పెరూలో 1990ల నుంచి గ్రామస్థుల చిన్న సంఘాలే గ్రామీణ రోడ్ల నిత్య నిర్వహణను ఒప్పందంపై చూస్తున్నాయి. ఒడిశాలో మిషన్ శక్తి పేరుతో అలాంటి మహిళా సంఘాలు ప్రతి పంచాయతీలో ఉన్నాయి, లెక్కలు రాయడం వాటికి అలవాటే. ఒక సంఘానికి కొన్ని కిలోమీటర్లు అప్పగించి, రోజు కూలీ లెక్కన కాకుండా, బెర్ము దిగి ఉందా, తూము తెరిచి ఉందా అన్నదాన్ని చూసి నెలవారీ చెల్లిస్తే, పని జరిగేది వాన ముందే. రోడ్డు పక్క వాళ్లే కాబట్టి వాన మధ్యలో తూముకు అడ్డం పడ్డ చెట్టుకొమ్మను ఎవరి ఆదేశం కోసమూ చూడకుండా లాగేయగలరు.

రాష్ట్ర సరిహద్దు దాటే రోడ్లది వేరే ఇబ్బంది. పర్లాకిమిడికి, పాతపట్నానికి మధ్య దూరం కొద్దిపాటిదే అయినా శాఖలు రెండు, ధరల పట్టికలు రెండు, పని చేసే కాలాలు కూడా కొన్నిసార్లు రెండు. వంశధార, నాగావళి, మహేంద్రతనయ అన్నీ ఒడిశాలో పుట్టి శ్రీకాకుళం వైపు దిగేవే కనుక, ఇటువైపు మూసుకుపోయిన కాలువ అటువైపు రోడ్డునూ, అటువైపు ఎత్తు చేసిన గట్టు ఇటువైపు నీటినీ ప్రభావితం చేస్తాయి. రెండు వైపుల బ్లాకు, మండల ఇంజనీర్లు వానల ముందు ఒక్కసారి కలిసి సరిహద్దు తూములను నడిచి చూస్తే సరిపోయే విషయమిది.

ఇక ఎప్పుడు, ఎక్కడ అడగాలి? సడక్ యోజన రోడ్డు మొదట్లో ఒక సమాచార బోర్డు ఉంటుంది. పని పూర్తయిన తేదీ, గుత్తేదారు, ఐదేళ్ల నిర్వహణ మొత్తం అందులో ఉంటాయి. దాన్ని చూసి ఐదేళ్లు ఎప్పుడు నిండుతాయో రాసి పెట్టుకోవాలి. ఐదో ఏడు ముగియకముందే పగుళ్లు, అంచులు, తూములు సరిచేయించి తీసుకోవడం గుత్తేదారు నుంచి రావలసిన హక్కు, ఆరో ఏటి సీల్ కోట్ కోసం గ్రామీణ పనుల విభాగానికి ఆ ముందే లేఖ వెళ్లాలి. ఒడిశాలో ఫిబ్రవరిలో జరిగే పల్లి సభలో మనం సాధారణంగా కొత్త పనులనే రాయిస్తాం. అదే జాబితాలో, వేగాన్ని బట్టి వేసిన మార్కులతో, ఏ రోడ్డుకు సీల్ కోట్ గడువు వచ్చిందో, ఏ తూము మూసుకుపోయిందో కూడా రాయించవచ్చు. కాలువలు, బెర్ముల పని పంచాయతీ నిధులతోనో ఉపాధి హామీ కిందనో మార్చి నుంచి మే లోపే అవుతుంది. సీల్ కోట్ అంచనా ఆ తర్వాతి బడ్జెట్‌లోకి వెళ్లి, నవంబరు నుంచి మొదలయ్యే పొడి కాలంలో పనికి వస్తుంది. ఆగస్టులో గోతి పడ్డాక పెట్టిన అర్జీకి అంచనా తయారై, టెండరు పిలిచి, పని అప్పగించేసరికి ఆ పొడి కాలంలో సగం పోతుంది, అప్పటికి ఆ రోడ్డు సీల్ కోట్‌తో బాగయ్యే దశ దాటిపోయి ఉంటుంది.